సొమ్మొకరిది, మాటొకరిది

(మచిలీపట్నంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



కామర్సు మాస్టారి పేరు మీద ఉపన్యాసం కదా, బ్యాంకుల గురించో బడ్జెట్టు గురించో మాట్లాడతానని మీలో చాలామంది అనుకుని వచ్చి ఉంటారు. విషయం నా ఇష్టానికి వదిలేశారు కాబట్టి కొంచెం పక్కకి వెళ్తున్నాను. మతం, కులం, మద్యం, రాష్ట్రం, రాజధాని లాంటి మాటలెత్తితే ఇంట్లో అన్నదమ్ములే రెండు పక్షాలవుతారు. అలాంటి విషయాల్లో ఒక కంపెనీ బయటికి వచ్చి మేం ఫలానా వైపు అని చెప్పాలా? చెబితే మనం దాన్ని ఎలా తీసుకోవాలి? కంపెనీ చట్టం చెప్పేటప్పుడు మాస్టారు ఏ లావాదేవీ దగ్గరైనా ముందు డబ్బు ఎవరిదో తేల్చమనేవారు. మిగతా లెక్కంతా ఆ తర్వాతే. నేనూ అక్కణ్ణుంచే మొదలుపెడతాను. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత కంపెనీల గురించి పుట్టింది కాకపోయినా వాటికి సరిపోయినట్టు ఇంకెవరికీ సరిపోదు.

కంపెనీ రాజకీయం ఎలా ఉంటుందో ఈ మచిలీపట్నానికి, మన బందరుకి చెప్పక్కర్లేదు. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ దిగి కొట్లు పెట్టారు. వచ్చింది అద్దకం బట్టల కోసం. ఆ బట్టలు ఇంగ్లండులో ఎంత గొడవ తెచ్చాయంటే, అక్కడి నేతగాళ్ళు వీధిలో మన రంగుల గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళ మీదపడి చింపేసేవారు. పార్లమెంటు 1700లో ఒకసారి, 1721లో మరోసారి ఆ బట్టల మీద నిషేధాలు పెట్టింది. లండనులో చట్టసభ ముందు వాదించుకున్న ఆ కంపెనీయే ఇక్కడ వాదన దాకా రాలేదు. 1759 ఏప్రిల్లో కంపెనీ తరఫున కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి బందరు కోట పట్టుకున్నాడు, మరుసటి నెలలో నిజాం సలాబత్ జంగ్ ఈ సీమని కంపెనీకి రాసిచ్చాడు. ఒక వ్యాపార సంస్థ వైఖరి తీసుకుంటే దాని వెనక సైన్యం కూడా ఉండొచ్చని నేర్చుకున్న ఊరు ఇది. ఆ సంగతి ఇంతటితో వదిలేస్తాను. నాకు ఎక్కువ పనికొచ్చేది దానికి ఎదురుగా ఇదే ఊళ్ళో పుట్టిన ఇంకో కంపెనీ.

1907లో బిపిన్ చంద్రపాల్ బందరు వచ్చి మాట్లాడిన తర్వాత ఈ ఊళ్ళో స్వదేశీ ఉపన్యాసాల దగ్గర ఆగిపోలేదు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. ముట్నూరి దివిసీమ మనిషి, 1907 నుంచి చనిపోయేదాకా కృష్ణాపత్రిక సంపాదకుడు. పట్టాభి వృత్తికి వైద్యుడు, ప్రవృత్తికి కాంగ్రెసువాది, ఇక లెక్కలంటే ఆయనకి మోజు. 1923 నవంబరు 20న ఆయన ఆంధ్రా బ్యాంకుని రిజిస్టరు చేయించారు, 28న వ్యాపారం మొదలైంది. అధీకృత మూలధనం 10 లక్షలు, చెల్లించిన మూలధనం 1 లక్ష రూపాయలు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు వచ్చింది.

ఇక్కడ కాసేపు ఆగాలి. 1923లో ఆంధ్ర అన్న పేరు పెట్టుకోవడమే ఒక పక్షం వహించడం. ఆంధ్ర రాష్ట్రం రావడానికి ఇంకా 30 ఏళ్ళుంది. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగినప్పటి నుంచీ ఆ కోరిక మీద మద్రాసులోనే కాదు, రాయలసీమలోనూ అనుమానాలుండేవి. 1937లో కోస్తా, సీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక రాసుకోవాల్సి వచ్చిందంటే ఆ అనుమానాలు ఎంత గట్టివో చూడండి. పైగా పెట్టినాయన ప్రభుత్వం దృష్టిలో రాజద్రోహి. 1942లో కాంగ్రెసు కార్యవర్గంతో పాటు ఆయన్ని అహ్మద్‌నగర్ కోటలో పెట్టి దాదాపు మూడేళ్ళు ఉంచారు. బ్యాంకు మాత్రం మూతపడలేదు. దివితాలూకా రైతు అందులో దాచుకున్నాడు, బందరు వర్తకుడు హుండీ మార్చుకున్నాడు. ఆ ఖాతాదారుల్లో జస్టిసు పార్టీకి ఓటేసినవాళ్ళు, ప్రభుత్వ ఉద్యోగులు, కాంగ్రెసు పేరెత్తితే మండిపడేవాళ్ళూ ఉండే ఉంటారు. వాళ్ళెవరూ తమ డబ్బు సత్యాగ్రహానికి పోతుందని భయపడి లైను కట్టినట్టు నేను వినలేదు.

పట్టాభి జైలుకి వెళ్ళింది తన పేరు మీద, తన ఒంటి మీద. బ్యాంకు పేరు మీద కాదు. ఆయనకి అభిప్రాయాలు తక్కువా? 1939లో సుభాష్ చంద్రబోసు మీద పోటీ చేసి ఓడిపోయిన మనిషి, 1948లో జైపూరు కాంగ్రెసుకి అధ్యక్షుడు. దేశంలో ఆయనకి వైఖరి లేని విషయమంటూ లేదు. అయినా డిపాజిటుదారు సొమ్ముతో వాటిని వినిపించలేదు. బ్యాంకు చెప్పిన వైఖరి ఒక్కటే, అది బోర్డు మీద పేరులోనే ఉంది: ఈ ప్రాంతం డబ్బు ఈ ప్రాంతానికి అప్పుగా దొరకాలి. వాటా కొన్నవాడు ఆ బోర్డు చదివే కొన్నాడు. మాస్టారి లెక్క ప్రకారం ఇది చెల్లుతుంది. పుట్టేటప్పుడే చెప్పిన వైఖరి, అందరూ చదివి చేరిన వైఖరి ఒక జాతి. మధ్యలో గాలిని బట్టి తెచ్చిపెట్టుకున్నది ఇంకో జాతి.

(1980 ఏప్రిల్లో ఆ బ్యాంకు జాతీయమైంది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పేరు పోతోందని ఊళ్ళో ఉద్యోగులూ పౌరులూ గొంతెత్తారు. అప్పుడు బ్యాంకు మాత్రం తన గురించి తను ఒక్క ముక్క మాట్లాడలేకపోయింది. యజమాని మాట్లాడొద్దన్న రోజున కంపెనీకి నోరుండదు. దీన్ని పక్కన పెట్టుకోండి, మళ్ళీ కావాలి.)

ఇప్పుడు గుడివాడ వైపు వెళ్దాం. 1936లో పెదపారుపూడిలో పుట్టిన రామోజీరావు 1962లో మార్గదర్శి చిట్‌ఫండ్ పెట్టారు, 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలుపెట్టారు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమని ఊడ్చేసినప్పుడు ఆ పత్రిక పాఠకుల దగ్గర చందాలు పోగుచేసింది, రామకృష్ణ మిషన్ చేతుల మీదుగా పాలకాయతిప్పలో మత్స్యకారులకి ఇళ్ళు లేచాయి. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టుకుని తిరిగింది కూడా అప్పుడే. అదంతా గొప్ప పనే. కానీ మన ప్రశ్నకి అది జవాబు కాదు. శవాల మీద రెండో పక్షం ఉండదు. సాయం చేసినందుకు ఎవరూ పత్రిక మానేయరు.

రెండో పక్షం ఉన్నది సారా గొడవలో. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు వాచకంలో సీతమ్మ కథ చదివి, అది తమ ఊరి కథే అనుకుని సారా కొట్టు మూయించారు. 1992 నాటికి ఊరూరా సారా వేలంపాటలు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. ఈనాడు ఆ ఉద్యమానికి రోజూ ఒక పేజీ కేటాయించి వెనక నిలబడింది. ఎదురుగా ఎవరున్నారు? సారా కాంట్రాక్టర్లు, వాళ్ళ వెనక ఎమ్మెల్యేలు, ఎక్సైజు రాబడి లేకపోతే జీతాలెలా అనే ప్రభుత్వం, ఇంకా సాయంత్రానికి చుక్క పడనిదే నిద్రపట్టని కూలీ. అతనూ పాఠకుడే, కనీసం టీకొట్టు దగ్గర. 1993 ఏప్రిల్ 15న నెల్లూరులో, అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది.

కంపెనీ పక్షం వహించిన ఉదాహరణల్లో తెలుగునాట ఇంతకంటే పెద్దది నాకు కనబడదు. అందులో పత్రికని నేను తప్పుపట్టను. పత్రిక పుట్టిందే మాట్లాడటానికి. కృష్ణాపత్రికని పక్షం లేకుండా ఉండమంటే ముట్నూరి వారు కలం కింద పెట్టేవారు. పైగా ఉద్యమాన్ని పుట్టించింది మేమేనని పత్రిక చెప్పుకోవడానికి వీల్లేదు. కొట్లు మూయించిన చేతులు వేరే ఉన్నాయి. పత్రిక ఆ చేతుల్ని ఊరికి చూపించింది.

చిక్కు ఇంకో చోట ఉంది. అదే యజమానికి చిట్టీల వ్యాపారం, పచ్చళ్ళ వ్యాపారం ఉండేవి. సంపాదకీయం మాట్లాడితే అది దాని వృత్తి. మరి చిట్టీ పాడుకున్న టీచరమ్మ సంగతి? 1983లో గుడివాడ నుంచి ఎన్టీఆర్ గెలిచిన ఎన్నికల్లో ఈనాడు ఎటున్నదో రహస్యం కాదు. 2006 నుంచి మార్గదర్శి మీద వచ్చిన ఫిర్యాదుల్లో, కేసుల్లో న్యాయం ఎటుందో తేల్చాల్సింది కోర్టులు. నేను చెప్పేది ఊరి మాట. ఒక వర్గం వాటిని పత్రిక మీద కక్ష అంది. ఇంకో వర్గం ఆ వ్యాపారానికి పత్రికే కవచం అంది. రెండు మాటల్లో ఏది నిజమైనా చిట్టీ కట్టిన మనిషి ఆ పోట్లాటలోకి తనకి తెలియకుండానే వచ్చిపడ్డాడు. తనకి రాజకీయం అక్కర్లేదు, ఆడపిల్ల పెళ్ళికి డబ్బు కావాలి, అంతే. ఆ తర్వాత పుట్టిన పత్రికలకీ చానళ్ళకీ కూడా ఇదే వర్తిస్తుంది. ఒక పేరు చెప్పి మరోటి వదిలేశానని ఎవరూ సంతోషించొద్దు.

ఇంకో మాట. 1997లో మద్యనిషేధం సడలిపోయింది. నిషేధం ఉన్నా పోయినా, కంపెనీ వహించిన పక్షానికి గడువు కంపెనీయే పెట్టుకుంటుంది. దూబగుంట ఆడవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు. వాళ్ళ ఇంటికి తాగి వచ్చేవాడు నిషేధం ముందూ వచ్చాడు, తర్వాతా వచ్చాడు.

పత్రిక కాని కంపెనీలు, అంటే నగలు, సబ్బులు, బిస్కెట్లు అమ్మేవాళ్ళు మాట్లాడటం కొత్త పద్ధతి. 2020 అక్టోబరులో నగలమ్మే తనిష్క్ ఒక ప్రకటన చేసింది. హిందూ కోడలికి ముస్లిం అత్తింటివారు సీమంతం చేస్తారు. చూడ్డానికి చక్కగా ఉంది. నాలుగు రోజుల్లో తిట్లు మొదలయ్యాయి, దుకాణాల్లో పనిచేసేవాళ్ళ క్షేమం కోసమంటూ కంపెనీ దాన్ని తీసేసింది. ప్రకటన ఆలోచించినవాడు ముంబయిలోనో బెంగళూరులోనో కూర్చుని ఉంటాడు. రాయి పడితే పడేది చిన్న ఊళ్ళో కౌంటరు వెనక నిలబడ్డ కుర్రాడి మీద. ఆ కుర్రాణ్ణి ముందు అడిగారా? నిలబడలేని చోట నిలబడతామని చెప్పి రెండోరోజు కూర్చుంటే, మొదట మాట్లాడకపోవడం కంటే ఎక్కువ చెడుపు జరుగుతుంది. బెదిరిస్తే పని జరుగుతుందని బెదిరించేవాడికి తెలిసిపోతుంది. అమెరికాలో 2023లో బడ్‌లైట్ బీరుకీ ఇంచుమించు ఇదే జరిగింది. ట్రాన్స్‌జెండర్ మహిళతో ఒక చిన్న ప్రచారం చేసి, గొడవ కాగానే అటూ ఇటూ కాని ప్రకటన ఇచ్చి రెండు వైపులవాళ్ళనీ పోగొట్టుకుంది.

మన చిలకలపూడి గిల్టు నగ దేశమంతా వెళ్తుంది. లోపల రాగి, పైన బంగారం పూత. అందులో మోసం లేదు, ఎందుకంటే గిల్టుని గిల్టు అనే చెప్పి గిల్టు ధరకే అమ్ముతారు. కంపెనీల వైఖరుల్లో ఎక్కువ భాగానికి ఆ నిజాయితీ కూడా ఉండదు. జూన్ నెలలో అమెరికాలో ఎల్జీబీటీ వారికి మద్దతంటూ ఇంద్రధనుస్సు రంగులు పూసుకునే లోగో అదే నెలలో గల్ఫ్ దేశాల్లో పాత రంగులోనే ఉంటుంది.

అన్నీ అలాంటివే అనను. అదే 2020 అక్టోబరులో పార్లే, బజాజ్ ఆటో కంపెనీలు విషం చిమ్మే వార్తా చానళ్ళకి ప్రకటనలివ్వబోమన్నాయి. నాకు అది నచ్చింది. అక్కడ ఎవరి తరఫునా ఉపన్యాసం లేదు. తమ ప్రకటనల డబ్బు ఎక్కడ ఖర్చవాలో తాము చెప్పారు, అది పూర్తిగా వాళ్ళ చేతిలో ఉన్న పని.

పైకి మాట్లాడే కంపెనీ మీద ఇంతసేపు మాట్లాడాను. అసలు నాకు భయం మాట్లాడని కంపెనీలంటే. గుడ్లవల్లేరు మండలం డోకిపర్రు మీకు తెలుసు, అక్కడి వెంకటేశ్వరస్వామి గుడికి మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. ఆ ఊరివాడైన పి.పి. రెడ్డి మొదలుపెట్టిన మేఘా ఇంజనీరింగ్ ఇవాళ దేశంలో పెద్ద ప్రాజెక్టులు కట్టే కంపెనీల్లో ఒకటి. 2024 ఫిబ్రవరి 15న పేరు బయటపడకుండా పార్టీలకి చందాలిచ్చే ఎన్నికల బాండ్ల పథకాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. మార్చిలో లెక్కలు బయటపడ్డాయి. ఆ కంపెనీ 966 కోట్ల రూపాయల బాండ్లు కొంది, దేశంలో రెండో అతి పెద్ద కొనుగోలుదారు. ఎక్కువ భాగం భారతీయ జనతా పార్టీకి వెళ్ళింది, బీఆర్ఎస్‌కీ డీఎంకేకీ వైఎస్సార్సీపీకీ తెలుగుదేశానికీ కూడా వెళ్ళింది. కొన్ననాడు అది చట్టబద్ధమే, కాదనను. కానీ చూడండి: మనకి ఏ విషయం మీదా ఈ కంపెనీ అభిప్రాయం తెలియదు. బహిరంగంగా అది ఎవరినీ నొప్పించలేదు. మద్యం మీదా మతం మీదా రాజధాని మీదా ఒక్క మాటా అన్న గుర్తు లేదు. దాని డబ్బు మాత్రం ఒకరితో ఒకరు పోట్లాడుకునే పార్టీల ఖాతాల్లోకి వెళ్ళింది.

పాత చట్టం ప్రకారం కంపెనీ మూడేళ్ళ సగటు లాభంలో ఏడున్నర శాతం మించి పార్టీలకి ఇవ్వకూడదు, ఎవరికి ఎంత ఇచ్చిందో లెక్కల్లో రాయాలి. 2017లో ఆ రెండు కట్లూ తెంచేశారు. కోర్టు ఆ తెంపడాన్ని కూడా రద్దు చేసింది. రాజకీయంలోకి కంపెనీ వచ్చిందా లేదా అనేది ప్రకటనల్లో వెతక్కండి. ఖాతా పుస్తకంలో వెతకండి. తనిష్క్ ప్రకటన మీద పోట్లాడుకున్న జనంలో నూరోవంతు మంది కూడా ఈ 966 కోట్ల మీద పోట్లాడుకోలేదు.

ఇక ఇంటి దగ్గరి విషయం. నాగాయలంక, కోడూరు వైపు వరిచేలు చెరువులయ్యాయి. మొదట టైగరు రొయ్య, తెల్లమచ్చ తెగులు వచ్చి అది పోయాక వన్నామీ. లాభపడిన రైతున్నాడు, కాదంటే అబద్ధం. పక్క చేనులోకి ఉప్పునీరు ఊరి పైరు చచ్చిన రైతూ ఉన్నాడు, మంచినీళ్ళ చెరువు చప్పదనం పోయి ఉప్పబడ్డ ఊరూ ఉంది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పిచ్చింది, 2005లో కేంద్రం చట్టం చేసి తీర ఆక్వాకల్చర్ అథారిటీ పెట్టింది. దివిసీమలో మనుషుల్ని నిజంగా చీల్చే సామాజిక సమస్య ఏదంటే నేను దీన్నే చెబుతాను. ఇందులో కులం ఉంది, కౌలు ఉంది, నీళ్ళున్నాయి. మేత అమ్మే కంపెనీలు, పిల్ల అమ్మే హేచరీలు, కొని ఎగుమతి చేసే ప్లాంట్లు ఇందులో ప్రేక్షకులు కాదు, పాత్రధారులు. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు ఆ వ్యాపారం గొంతు ఢిల్లీ దాకా వినబడింది. పక్క చేను ఉప్పు గురించి ఆ గొంతు నా చెవిన పడలేదు. పడితే సంతోషిస్తాను.

వైఖరి అడగాల్సింది ఇలాంటి చోట. తన వ్యాపారం వల్లే రాజుకున్న గొడవలో తనకి అభిప్రాయం లేదనే హక్కు కంపెనీకి లేదు. రొయ్య కొనేటప్పుడు, ఆ చెరువు నీళ్ళు ఎక్కడికి వదులుతున్నారని అడిగి కొంటారా లేదా? దీనికి ప్రచారచిత్రం అక్కర్లేదు, కొనుగోలు షరతుల్లో ఒక వాక్యం చాలు.

కులం సంగతీ అంతే. మన కృష్ణా జిల్లా పిల్లలు వేలమంది కాలిఫోర్నియాలో, టెక్సాస్‌లో ఉన్నారు. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ సిస్కో కంపెనీ మీద కుల వివక్ష కేసు వేసింది. కంపెనీ ఒప్పుకోలేదు. ఇద్దరు ఇంజనీర్ల మీద పెట్టిన ఆరోపణల్ని 2023లో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. ఆ ఏడాదే సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధించింది, తమ రాష్ట్రమంతటికీ ఉద్దేశించిన బిల్లుని మాత్రం కాలిఫోర్నియా గవర్నరు వీటో చేశారు. ఇంత గొడవ మధ్య ఆపిల్ చేసిన పని నాకు ముఖ్యంగా కనబడింది. ఉద్యోగుల ప్రవర్తన నియమాల్లో కులం అన్న మాటని చేర్చింది. ప్రపంచానికి నీతి చెప్పలేదు, తన గేటు లోపల ఏది చెల్లదో రాసుకుంది. ఎవరి చేతిలో ఎంత అధికారముందో అంతవరకే మాట. విజయవాడలోనూ హైదరాబాదులోనూ మనవాళ్ళు పెట్టిన కంపెనీల్లో ఎన్నిటికి అలాంటి వాక్యం ఉందో మీరే చూడండి. ఇంటర్వ్యూలో ఊరి పేరు అడిగి, ఆ ఊళ్ళో ఏ వీధి అని ఎందుకు అడుగుతారో ఈ హాల్లో విడమర్చి చెప్పాల్సిన మనిషి లేడు.

ఒక ఆక్షేపణ మిగిలింది, అది బలమైనది. అన్యాయం జరుగుతుంటే సంస్థలన్నీ నా గేటు, నా పుస్తకం అనుకుని కూర్చుంటే ఎలా? 2019 నవంబరులో ముంబయిలో హోంమంత్రి ఎదుటే లేచి, మిమ్మల్ని విమర్శించడానికి పారిశ్రామికవేత్తలు భయపడుతున్నారని చెప్పిన రాహుల్ బజాజ్ లాంటివాళ్ళు లేకపోతే ఎలా? లేకపోతే కష్టమే. అయితే ఆయన మాట్లాడింది తన నోటితో, తన పేరుతో. పట్టాభి జైలుకెళ్ళినట్టే. యజమాని పౌరుడు, గుమాస్తా పౌరుడు, వాటాదారు పౌరుడు. వాళ్ళ నోరు కట్టేసి, వాళ్ళందరి తరఫునా బ్రాండు మాట్లాడటం నాకు సమ్మతం కాదు. ఇందాక పక్కన పెట్టుకోమన్న ఆంధ్రా బ్యాంకు సంగతి ఇక్కడికి వస్తుంది: తన ఉనికే పోతున్నప్పుడు మాట్లాడలేని సంస్థ, మన మనస్సాక్షి తరఫున మాట్లాడుతుందని నమ్మడం అమాయకత్వం. బ్యాంకు కోసం మాట్లాడింది మనుషులే.

కాబట్టి నా తీర్పు ఇది, మీకు నచ్చకపోవచ్చు. దేశాన్ని చీల్చే విషయాల్లో కంపెనీ తన పేరు మీద పక్షం వహించకూడదు, అందుకోసమే పుట్టిన సంస్థ అయితే తప్ప. తన జీతాలు, తన నియామకాలు, తన మురుగునీరు, తన ప్రకటనల ఖర్చు, తను పార్టీలకిచ్చే చందా, వీటిల్లో మాత్రం దాచకుండా, దాటవేయకుండా వైఖరి చెప్పి తీరాలి. ఇప్పుడు నడుస్తున్నది సరిగ్గా దీనికి తలకిందులు.

మాస్టారి విద్యార్థులు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీలో ఆడిటర్లున్నారు, డైరెక్టర్లున్నారు, నాలుగు షేర్లు కొనుక్కుని డీమ్యాట్‌లో మరిచిపోయినవాళ్ళున్నారు. వార్షిక సర్వసభ్య సమావేశం నోటీసు ఈసారి వచ్చినప్పుడు తెరవకుండా తీసేయకండి. కంపెనీ చట్టం 182వ సెక్షను కింద ఏ పార్టీకి ఎంతిచ్చారో చెప్పమని ఒక ప్రశ్న రాసి పంపండి. అడిగే హక్కు ఒక్క షేరు ఉన్నవాడికీ ఉంది.